నలభై దాటాక మొదటి హాఫ్ మారథాన్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున లాంగ్ రన్ (వారంలోకెల్లా పొడవైన పరుగు) ముగించుకుని, నెక్లెస్ రోడ్డు పక్కన చెట్టు కింద అరటిపండు తింటూ కూర్చుంటే కొత్తగా వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు ఏళ్ల తరబడి అవే. మోకాళ్లు అరిగిపోవా? షుగర్ ఉంది, పరిగెత్తవచ్చా? అందరికంటే ఆఖర్న వస్తే ఎలా? నేను 46వ ఏట పరుగు మొదలుపెట్టాను. 48లో మొదటి హాఫ్ పూర్తి చేశాను. మధ్యలో తొందరపడి నాలుగు నెలలు పోగొట్టుకున్నాను. ఆ అనుభవం, నా పక్కన పరిగెత్తినవాళ్ల దగ్గర చూసింది, చదివి తెలుసుకున్నది కలిపి ఈ జవాబులు రాశాను. నేను డాక్టర్‌ని కాను, కాబట్టి మందుల విషయంలో మీ డాక్టర్ మాటే ఆఖరు మాట.

## మొదలుపెట్టే ముందు

హాఫ్ మారథాన్ అంటే సరిగ్గా ఎంత దూరం? నాకు ఎంతసేపు పడుతుంది?

21.0975 కిలోమీటర్లు. ఫుల్ మారథాన్ 42.195 కిలోమీటర్లు, అందులో సగం. కిలోమీటరుకు 7 నిమిషాల చొప్పున వెళితే సుమారు 2 గంటల 28 నిమిషాలు పడుతుంది. 8 నిమిషాల చొప్పున 2 గంటల 49 నిమిషాలు, 9 నిమిషాల చొప్పున 3 గంటల 10 నిమిషాలు. మా గుంపులో నలభై దాటి మొదటిసారి చేసినవాళ్లు ఎక్కువమంది రెండున్నర, మూడుంబావు గంటల మధ్య ముగించారు.

నాకు 49. ఎప్పుడూ ఆటలు ఆడలేదు. ఇప్పుడు మొదలుపెడితే ఆలస్యం కాదా?

కాదు. ఫౌజా సింగ్ తన మొదటి లండన్ మారథాన్ పరిగెత్తింది 2000లో, 89 ఏళ్ల వయసులో. అది అందరికీ సాధ్యమని చెప్పను. కానీ 49 ఏళ్ల శరీరం శిక్షణకు బాగానే స్పందిస్తుంది. ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే మెరుగవుతాయి. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులు, ఎముకలు గట్టిపడటానికి నెలలు పడుతుంది. రెండో నెలలో ఆయాసం తగ్గి "ఇంకా పరిగెత్తగలను" అనిపించే రోజులే ప్రమాదం. కొత్తవాళ్లలో నేను చూసిన గాయాలు ఎక్కువగా ఆ దశలో వచ్చినవే.

పరిగెత్తితే మోకాళ్లు అరిగిపోతాయని ఇంట్లో అందరూ అంటున్నారు. నిజమా?

మోకాలు స్కూటర్ టైరు కాదు, వాడిన కొద్దీ అరిగిపోవడానికి. కీలు మీద బరువు పడి లేచే కొద్దీ లోపలి మృదులాస్థికి పోషణ అందుతుంది. సరదాకి, మితంగా పరిగెత్తేవాళ్లలో కదలకుండా కూర్చునేవాళ్ల కంటే మోకాలి అరుగుదల ఎక్కువగా కనిపించలేదు, పైగా తక్కువే. అయితే పాత లిగమెంట్ గాయం ఉన్నా, మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య ఉండే మెత్తటి దిండు) ఆపరేషన్ అయినా, మోకాలు తరచూ వాచినా, మెట్లు దిగేటప్పుడు పట్టేసినా ముందు ఆర్థోపెడిక్ డాక్టర్‌ని కలవండి. అలాంటివాళ్లు కొందరు నడకతోనే మొదలుపెట్టాల్సి రావచ్చు.

ఏ టెస్టులు చేయించుకోవాలి?

నలభై దాటి, ఇన్నాళ్లూ కుర్చీలో గడిపినవాళ్లు బీపీ, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కొలెస్ట్రాల్, ఈసీజీ చూపించుకుని డాక్టర్‌తో మాట్లాడటం మంచిది. ట్రెడ్‌మిల్ టెస్ట్ అవసరమో కాదో ఆయన చెబుతారు. ఇంట్లో మగవాళ్లకు 55 లోపు గానీ, ఆడవాళ్లకు 65 లోపు గానీ గుండె జబ్బు వచ్చి ఉంటే, మీరు పొగ తాగేవారైతే ఆ సంగతి దాచకండి. టెస్టు నార్మల్ అని వచ్చినా అది జీవితకాలపు హామీ కాదు. పరిగెత్తేటప్పుడు ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, కళ్లు తిరగడం, ఎప్పుడూ లేనంత ఆయాసం వస్తే అక్కడికక్కడే ఆగి ఆసుపత్రికి వెళ్లండి. "గ్యాస్ అయి ఉంటుంది" అని ఇంటికి వెళ్లి పడుకోవద్దు.

షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటున్నాను. పరిగెత్తవచ్చా?

చాలామంది పరిగెత్తుతున్నారు, షుగర్ అదుపులోకి రావడానికి పరుగు సాయపడుతుంది కూడా. మీరు వేసుకునే మందు ఏదన్నదే ముఖ్యం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ మరీ పడిపోవడం అరుదు. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతుంటే పరుగు మధ్యలోనో, ఆ రాత్రి నిద్రలోనో పడిపోవచ్చు. లాంగ్ రన్ రోజు డోసు మార్చాలా అని డాక్టర్‌ని అడగండి, సొంతంగా మార్చవద్దు. బయలుదేరే ముందు గ్లూకోమీటర్‌తో చూసుకోండి. ఇలాంటి మందులు వాడేవాళ్లకు 100 కంటే తక్కువ ఉంటే ముందు ఏదైనా తినాలి. జేబులో గ్లూకోజ్ బిళ్లలో, చక్కెర పొట్లమో తప్పకుండా ఉండాలి. చేతులు వణకడం, చల్లని చెమట, మాట తడబడటం వస్తే తిని, కూర్చోండి. మీ పక్కన పరిగెత్తేవాళ్లకు మీకు షుగర్ ఉందని తెలిసి ఉండాలి. ఇంటికి వచ్చాక పాదాలు, వేళ్ల మధ్య చోటు వెలుతురులో చూసుకోండి. స్పర్శ తగ్గిన పాదానికి బొబ్బ వచ్చినా తెలియదు.

నేను 88 కిలోలు ఉన్నాను. ముందు బరువు తగ్గి తర్వాత మొదలుపెట్టాలా?

ఆగక్కర్లేదు. మొదటి ఆరు వారాలు వేగంగా నడవండి. 45 నిమిషాల నడక ఏ నొప్పీ లేకుండా అలవాటయ్యాక ఒక్కో నిమిషం పరుగు కలపండి.

ఏ షూ కొనాలి? మూడు వేలవి సరిపోతాయా, పదిహేను వేలవి కావాలా?

పాదానికి సరిపోయినవి కావాలి. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పరుగులోనూ అలాగే ఉబ్బుతుంది. మీరు వేసుకునే సాక్సుతోనే వేసి చూడండి. బొటనవేలికి ముందు ఒక బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి, మడమ మాత్రం జారకూడదు. మామూలు సైజు కంటే సగం, ఒకటి ఎక్కువ తీసుకోవాల్సి రావచ్చు. షాపులోనే నాలుగు అడుగులు పరిగెత్తి చూడండి. కార్బన్ ప్లేట్ ఉన్న ఖరీదైన షూ మొదటి రేసుకు అక్కర్లేదు. ఒక జత సుమారు 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుంది. పైన కొత్తగా కనిపిస్తున్నా లోపలి మెత్తదనం ముందే పోతుంది కాబట్టి కొన్న తేదీ రాసి పెట్టుకోండి.

పొద్దున అయిదింటికి ఒంటరిగా వెళ్లాలంటే భయం. కుక్కలు, చీకటి... ఆడవాళ్లం ఏం చేయాలి?

ఈ భయం నిజమైనది, ధైర్యం తెచ్చుకోమని చెప్పి వదిలేసేది కాదు. వీలైతే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. హైదరాబాద్‌లో చాలా కాలనీలకు రన్నింగ్ గ్రూపులున్నాయి. హైదరాబాద్ రన్నర్స్ వాళ్లు అసలు పరుగే తెలియనివాళ్లకు 5 కిలోమీటర్ల శిక్షణ కూడా నడిపారు. పార్కులో, కాలేజీ గ్రౌండులో, అపార్ట్‌మెంట్ చుట్టూ తిరిగినా దూరం దూరమే. ఫోన్ లొకేషన్ ఇంట్లో ఒకరికి పంపండి. రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవద్దు. మెరిసే పట్టీలున్న బట్టలు వేసుకుని, వాహనాలకు ఎదురుగా ఉండే వైపు పరిగెత్తండి.

కుక్క వెంటపడితే పరుగు ఆపి, దానికి వీపు చూపకుండా మెల్లగా నడవండి. పరిగెత్తే కొద్దీ తరుముతుంది. కరిచినా, రక్తం వచ్చేలా గీరినా కుళాయి నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు రేబీస్ టీకాకు వెళ్లండి. రేపు చూద్దాం అనుకోవద్దు.

## మొదటి నెలలు

రెండు నిమిషాలు పరిగెత్తగానే రొప్పు వస్తోంది. నా వల్ల కాదేమో?

మీరు వేగంగా పరిగెత్తుతున్నారు, అంతే. చిన్నప్పుడు బడిలో 100 మీటర్లు పరిగెత్తినట్టే మనకు పరుగంటే గుర్తు. ఈ పరుగు వేరు. పక్కనున్నవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత నెమ్మదిగా వెళ్లాలి. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే వేగం తగ్గించండి. కొన్నాళ్లు పక్కన వేగంగా నడిచేవాళ్లు మిమ్మల్ని దాటిపోతారు. దాటిపోనివ్వండి. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా పదిసార్లు చేయండి. రెండు వారాలకొకసారి పరుగు కాస్త పెంచండి. వారం పరుగుల్లో ఎక్కువ భాగం ఈ నెమ్మది వేగంలోనే ఉండాలి. హాఫ్‌కి కావలసిన ఓర్పు అక్కడే తయారవుతుంది.

మధ్యలో నడిస్తే హాఫ్ మారథాన్ చేసినట్టు లెక్కేనా?

లెక్కే. గీత దాటడానికి నడిచారా, పరిగెత్తారా అని ఎవరూ అడగరు. 1972 ఒలింపిక్స్‌లో పరిగెత్తిన అమెరికన్ జెఫ్ గాలోవే పరుగు, నడక కలిపే పద్ధతిని పెద్దఎత్తున ప్రచారంలోకి తెచ్చారు. కిటుకేమిటంటే అలసిపోయాక కాదు, అలసిపోకముందే నడవాలి. నాలుగు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక మొదటి కిలోమీటరు నుంచే పాటించినవాళ్లు 17వ కిలోమీటరు దగ్గర ఇంకా పరిగెత్తుతుంటారు. నా మొదటి హాఫ్ ఇలాగే చేశాను. నలభై దాటినవాళ్లకు మొదటి రేసుకు నేను చెప్పేదీ ఇదే.

వారానికి ఎన్ని రోజులు పరిగెత్తాలి?

మూడు, బాగా అలవాటయ్యాక నాలుగు. రెండు రోజులు గుంజీళ్లు, ఇతర వ్యాయామం. కనీసం ఒక రోజు పూర్తి విశ్రాంతి. ఇరవై ఏళ్లవాళ్లు రోజూ పరిగెత్తి తట్టుకుంటారు. మనకు పరుగుకూ పరుగుకూ మధ్య ఒక రోజు కావాలి. శరీరం గట్టిపడేది ఆ రోజే.

సున్నా నుంచి హాఫ్ వరకు ఎన్ని నెలలు పడుతుంది?

తొమ్మిది నెలలు పెట్టుకోండి. ఆగకుండా, లేదా నడుస్తూ పరిగెత్తుతూ 5 కిలోమీటర్లకు మూడు నెలలు, 10కి ఇంకో మూడు, హాఫ్‌కి ఇంకో మూడు. మూడు నెలల్లో చేయించేస్తామనే ప్లాన్లు ఇంటర్నెట్‌లో చాలా ఉన్నాయి. అవి ఇప్పటికే 8, 10 కిలోమీటర్లు పరిగెత్తేవాళ్ల కోసం రాసినవి.

వాచ్‌లో హార్ట్ రేట్ 165 చూపిస్తోంది, టెన్షన్‌గా ఉంది.

220 లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ హార్ట్ రేట్ వస్తుందనేది ఒక అంచనా మాత్రమే. మనిషికీ మనిషికీ పది పదిహేను తేడా రావడం మామూలే. మణికట్టు వాచ్ వదులుగా ఉంటే అడుగుల లయనే గుండె లయగా చూపించడం కూడా ఉంది. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లకు అంకె ఎప్పుడూ తక్కువగానే వస్తుంది, దాన్ని నమ్మి వేగం పెంచకూడదు. మాట్లాడగలుగుతున్నారా అన్నదే మంచి కొలత. అయితే కూర్చున్నప్పుడు కూడా గుండె దడగా, లయ తప్పినట్టు ఉంటే అది డాక్టర్‌కి చూపించాల్సిన విషయం.

జిమ్‌కి వెళ్లాలా?

ఇంట్లో చేసుకోవచ్చు. గుంజీళ్లు పదిహేను చొప్పున మూడుసార్లు. గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేచి నెమ్మదిగా దిగడం ఇరవై చొప్పున మూడుసార్లు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి నడుము పైకెత్తి పట్టుకోవడం. మోచేతులు, మునివేళ్ల మీద ఒళ్లంతా తిన్నగా నిలిపి ఉంచడం, ప్లాంక్ అంటారు. ఒంటికాలి మీద అరనిమిషం నిలబడటం, ఇది పళ్లు తోముకుంటూ కూడా చేయొచ్చు. వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాలు చాలు. వయసుతోపాటు కండ తగ్గిపోతుంది, పరుగు ఒక్కటే దాన్ని ఆపలేదు. నెలసరి ఆగిన ఆడవాళ్లకు ఎముకలు పలచబడే దశలో ఈ వ్యాయామాలు ఇంకా ముఖ్యం.

ఏప్రిల్, మే నెలల్లో ఎలా? విజయవాడ ఎండల్లో ఆరింటికే చెమటలు కారిపోతున్నాయి.

అయిదింటికల్లా పరుగు మొదలై ఉండాలి. వేగం గురించి మర్చిపోండి, చలికాలం కంటే కిలోమీటరుకు అరనిమిషం, నిమిషం నెమ్మదించినా అది వెనకబడటం కాదు. కోస్తాలో ఎండ కంటే ఉక్క ఎక్కువ ఇబ్బంది. గాలిలో తేమ ఉంటే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. వేడికి శరీరం అలవాటు పడటానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. ఒళ్లు జలదరించడం, తలనొప్పి, చెమట పోస్తున్నా చలి వేసినట్టుండటం వడదెబ్బకు ముందు వచ్చే హెచ్చరికలు. నీడలో కూర్చుని, తల మీద, మెడ మీద నీళ్లు పోసుకోండి.

అయ్యప్ప మాలలో ఉన్నాను. చెప్పుల్లేకుండా పరిగెత్తవచ్చా?

దీక్షలో ఉండి పరిగెత్తిన స్వాములు ఉన్నారు. కానీ ఏళ్ల తరబడి మెత్తటి షూ అలవాటైన పాదం ఒక్కసారిగా తారురోడ్డు మీద దెబ్బలు తట్టుకోలేదు. పిక్కలు, మడమ నరం, అరికాలి ఎముకలు దెబ్బతింటాయి. ఆ నలభై ఒక్క రోజులూ నడక, గుంజీళ్లు, సూర్య నమస్కారాలు చేయండి. మట్టి గ్రౌండు అందుబాటులో ఉంటే అయిదు పది నిమిషాల మెల్లని పరుగు పరవాలేదు. మాల తీశాక సగం దూరంతో మళ్లీ మొదలుపెట్టండి. రేసు జనవరిలో ఉంటే ఆ ఏడాది వదిలేసి వేరే రేసు చూసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

## 10 నుంచి 21 దాకా

10 కిలోమీటర్లు వచ్చేశాయి. ఇప్పుడు ఎలా పెంచాలి?

పన్నెండు వారాలు అనుకుందాం. ఆదివారం లాంగ్ రన్ ఇలా సాగుతుంది: 10, 11, 12, తర్వాత తగ్గించి 9. మళ్లీ 13, 14, 15, తగ్గించి 11. ఆపైన 16, 18, తర్వాతి ఆదివారం 12, ఆ వచ్చే ఆదివారం రేసు. వారం మధ్యలో రెండు పరుగులు, 5 నుంచి 8 కిలోమీటర్లు. అందులో ఒకటి మాత్రం చివరి రెండు కిలోమీటర్లు కాస్త వేగంగా. నాలుగో వారం తగ్గించడం చాలామందికి నచ్చదు, బాగానే ఉన్నాను కదా అంటారు. బాగా ఉండటం కోసమే ఆ తగ్గింపు.

రేసుకి ముందు ఒక్కసారైనా 21 పరిగెత్తి చూడక్కర్లేదా?

అక్కర్లేదు. 18 హాయిగా చేయగలిగితే మిగతా మూడు రేసు రోజు జనం, చప్పట్లు లాక్కెళ్తాయి. నలభై దాటిన కాళ్లు 21 నుంచి కోలుకోవడానికి పది రోజులు పైనే తీసుకుంటాయి. ఆ రోజులు శిక్షణకు కావాలి.

ఊళ్లో పెళ్లి, ఆఫీసు టూరు, రెండు వారాలు పోయాయి. ఇప్పుడెలా?

పోయినవాటిని వెతుక్కోవద్దు. వారం పోతే ప్లాన్ ఉన్నచోట కొనసాగించండి. రెండు వారాలు పోతే రెండు మెట్లు దిగి మొదలుపెట్టండి. నెల పోతే, రేసు దగ్గర్లో ఉంటే 10కె కి మార్చుకోండి. జ్వరం వచ్చి తగ్గాక కనీసం మూడు నాలుగు రోజులు నడకే. డెంగ్యూ అయితే డాక్టర్ చెప్పేదాకా పరుగు ఊసే వద్దు.

హైదరాబాద్ రేసులో ఫ్లైఓవర్లు చంపేస్తాయంటారు. ఎలా ప్రాక్టీస్ చేయాలి?

లాంగ్ రన్ దారిలోనే రెండు మూడు ఎత్తులు ఉండేలా చూసుకోండి. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ వైపు ఉండేవాళ్లకు వెతకక్కర్లేదు. ఎక్కేటప్పుడు అడుగులు చిన్నవి చేసి, చేతులు ఊపుతూ, అదే ఊపిరితో వెళ్లండి. వేగం తగ్గుతుంది, తగ్గనివ్వండి. అసలు దెబ్బ దిగేటప్పుడు తగులుతుంది. ముందుకు పరుగులు తీస్తూ దిగితే తొడ కండరాలు చితికిపోయి చివరి అయిదు కిలోమీటర్లలో కాళ్లు కదలవు. దిగేటప్పుడు కూడా చిన్న అడుగులే.

## నొప్పులు

ఏ నొప్పితో పరిగెత్తవచ్చు, ఏ నొప్పికి ఆగాలి?

రెండు కాళ్లలో సమానంగా, కండరాల్లో, కదిలితే తగ్గే నొప్పి అలసట. ఒక్క వైపే, ఒక్క చోటే, వేలితో చూపించగలిగే నొప్పి గాయం. నడక మారిపోయేలా చేసే నొప్పితో అడుగు కూడా పరిగెత్తవద్దు. ఎముక మీద నొక్కితే గుచ్చినట్టుండి, రాత్రి పడుకున్నా సలుపుతుంటే ఎముకలో పగులు కావచ్చు. వెంటనే చూపించండి.

పొద్దున మంచం దిగగానే మడమలో మేకు దిగినట్టు ఉంటోంది.

అరికాలి కింద ఉండే గట్టి పొర వాచిందన్నమాట, ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. నాలుగు నెలలు నన్ను కూర్చోబెట్టింది ఇదే. అయిదో నెలలో ఉషారుగా ఉండి శనివారం 10, ఆదివారం 14 పరిగెత్తాను. సోమవారం నేల మీద కాలు పెట్టలేకపోయాను. మొదటి వారంలోనే ఆగి ఉంటే నెలలో తగ్గేది. నేను నొప్పితోనే ఇంకో మూడు వారాలు లాగాను.

ఇప్పుడు ఎవరికి వచ్చినా చెప్పేది ఇది. పరుగు ఆపండి. ఇంట్లో గచ్చు మీద వట్టి కాళ్లతో తిరగకుండా మెత్తటి చెప్పులు వేసుకోండి. మంచం దిగే ముందు తువ్వాలు పాదానికి తగిలించి వేళ్లను మీవైపు లాగి పట్టుకోండి. చల్లటి నీళ్ల సీసా మీద అరికాలు దొర్లించండి. మెట్టు అంచున నిలబడి మునివేళ్ల మీద లేచి, చాలా నెమ్మదిగా దిగండి. ఆ నెలల్లో సైకిల్, ఈత నన్ను నిలబెట్టాయి. రెండు మూడు వారాలకు తగ్గకపోతే ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లండి.

మోకాలి చిప్ప చుట్టూ నొప్పి, మెట్లు దిగితే ఎక్కువ.

ఎక్కువసార్లు తుంటి, తొడ కండరాల బలహీనత వల్ల వస్తుంది. దూరం సగం చేయండి, అడుగు పొడవు తగ్గించండి, తుంటి వ్యాయామాలు మొదలుపెట్టండి. వాపు ఉన్నా, మోకాలు పట్టేసినా ఆగి చూపించుకోండి.

రేసుకి ముందు నొప్పి మాత్ర వేసుకోవచ్చా?

వద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మూత్రపిండాలకు రక్త ప్రసరణ తగ్గిస్తాయి. ఒంట్లో నీళ్లు తగ్గి, వేడెక్కి, మూడు గంటలు పరిగెత్తే రోజున అది ప్రమాదం. పైగా నొప్పి అనే హెచ్చరిక వినిపించకుండా పోతుంది. మాత్ర లేకుండా నిలబడలేనంత నొప్పి ఉంటే ఆ రేసు మీది కాదు.

తొడలు ఒరుసుకుపోతున్నాయి, బొటనవేలి గోరు నల్లబడింది.

తొడలు, చంకలు, మగవాళ్లయితే చనుమొనలు, ఆడవాళ్లయితే స్పోర్ట్స్ బ్రా పట్టీ ఆనేచోట పరుగుకు ముందు వాజిలిన్ బాగా రాయండి. కాటన్ టీషర్టు, కాటన్ సాక్సు మానేయండి. గోరు నల్లబడితే షూ చిన్నదన్నమాట.

## తిండి, నీళ్లు

పరుగుకు ముందు ఏం తినాలి? ఖాళీ కడుపుతో వెళ్లవచ్చా?

గంటలోపు పరుగుకు చాలామందికి ఖాళీ కడుపు పరవాలేదు, ఇన్సులిన్ వాడేవాళ్లకు మాత్రం కాదు. లాంగ్ రన్‌కి గంట ముందు ఒక అరటిపండు, రెండు ఖర్జూరాలు. రేసు రోజు గంటన్నర, రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు, కాస్త చక్కెరతో, లేదా పల్చటి రాగి జావ. నెయ్యి, పెసరట్టు, అల్లం చట్నీ తర్వాతకు దాచుకోండి. పీచు, కొవ్వు కడుపులో నిలిచిపోయి 8వ కిలోమీటరు దగ్గర టాయిలెట్ వెతుక్కునేలా చేస్తాయి. రేసు రోజు తినేది ఏదైనా అంతకుముందు మూడు లాంగ్ రన్‌లకు తిని చూసినదై ఉండాలి.

అన్నం మానేయాలా?

వద్దు, పరుగుకు ఇంధనం అదే. మనం తక్కువ తింటున్నది పప్పు, గుడ్డు, పెరుగు, చేప, చికెన్. సాంబారులో తేలే పప్పు సరిపోదు. ప్రతి పూటా మాంసకృత్తులు ఉండేది ఏదో ఒకటి కంచంలో కనిపించాలి. ఎప్పుడూ నీరసంగా ఉంటే హిమోగ్లోబిన్, డి విటమిన్, బీ12 చూపించుకోండి. శాకాహారుల్లో బీ12 తక్కువగా ఉండటం మామూలే.

ఎన్ని నీళ్లు తాగాలి? ఓఆర్‌ఎస్ మంచిదా?

దాహం వేసినప్పుడు తాగండి. గంటలోపు పరుగుకు నీళ్లు చాలు. అంతకు మించితే ఉప్పు కూడా కావాలి. మూడు గంటలు వట్టి నీళ్లే లీటర్లకొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయి మనిషి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. నెమ్మదిగా పరిగెత్తేవాళ్లకే ఈ ముప్పు ఎక్కువ, ప్రతి స్టాల్ దగ్గరా ఆగి తాగే తీరిక వాళ్లకే ఉంటుంది కాబట్టి.

ఓఆర్‌ఎస్ అయితే మెడికల్ షాపులో దొరికే డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా పొడి తీసుకుని, ప్యాకెట్ మీద రాసినంత నీళ్లలోనే కలపండి. పెద్ద ప్యాకెట్‌కు లీటరు. ఓఆర్‌ఎస్ అనే పేరు పెట్టుకుని చక్కెర నిండిన పండ్ల రసాలు ఏళ్ల తరబడి అమ్ముడయ్యాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ చాలా ఏళ్లు పోరాడాక, 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు అలా వాడకూడదని ఆదేశించింది. అయినా లేబుల్ చదివే అలవాటు ఉంచుకోండి. ఇంటికి వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ కంటే మంచిది నాకు కనబడలేదు. బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్లు ఉప్పు విషయం డాక్టర్‌ని అడగాలి.

ఎనర్జీ జెల్స్ (పరుగు మధ్యలో తినే చక్కెర పేస్టు ప్యాకెట్లు) తప్పనిసరా?

కాదు. 45 నిమిషాలకొకసారి రెండు మూడు ఖర్జూరాలో, చిన్న బెల్లం ముక్కో చాలు. జెల్ అయితే వెంట నీళ్లు తాగాలి.

## రేసు వారం, రేసు రోజు

మొదటి హాఫ్‌కి ఏ రేసు ఎంచుకోవాలి?

హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో జరుగుతుంది. నిర్వహణ బాగుంటుంది, జనం ఉంటారు, కానీ ఎత్తుపల్లాలు, వానాకాలపు ఉక్క రెండూ ఉంటాయి. విశాఖలో తూర్పు నౌకాదళం నడిపే నేవీ మారథాన్ చలికాలం మొదట్లో, సముద్రం పక్కన. మొదటిసారికి వేగం కోసం కాకుండా ఇంటికి దగ్గర, చల్లటి నెల, మూడున్నర గంటల కటాఫ్ (రేసు ముగించాల్సిన గడువు) చూసుకుని ఎంచుకోండి.

రేసుకి ముందు రాత్రి నిద్ర పట్టలేదు. ఏమవుతుంది?

ఏమీ కాదు. దాదాపు ఎవరికీ పట్టదు. ముఖ్యమైనది అంతకుముందు రెండు మూడు రాత్రుల నిద్ర. బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితం), మీ సమయం లెక్కపెట్టే టైమింగ్ చిప్, షూ, పిన్నులు సాయంత్రమే సర్దేసి పడుకోండి. బిబ్ వెనక రక్తం గ్రూపు, వాడే మందులు, ఇంట్లోవాళ్ల నంబరు రాయండి. రేసుకు ముందు బిబ్‌లు ఇచ్చే ఎక్స్‌పోలో కొన్న కొత్త షూ, కొత్త టీషర్టు ఆ రోజు వేసుకోవద్దు.

మొదట్లో అందరూ దూసుకుపోతుంటే ఏం చేయాలి?

వెళ్లనివ్వండి. మొదటి మూడు కిలోమీటర్లు మీరు అనుకున్నదాని కంటే కిలోమీటరుకు పది పదిహేను సెకన్లు నెమ్మదిగా వెళ్లండి. డప్పులు, మైకులు, జనం, ఆ ఉత్సాహంలో కాళ్లు తేలికగా అనిపిస్తాయి. అక్కడ పొదుపు చేసింది 16వ కిలోమీటరు తర్వాత అక్కరకొస్తుంది. గుంపులో వెనక నిలబడితే గీత దాటడానికే అయిదు నిమిషాలు పట్టవచ్చు, కంగారొద్దు. మీ చిప్ టైమ్ మీరు గీత దాటినప్పుడే మొదలవుతుంది. కటాఫ్ మాత్రం కొన్ని రేసుల్లో రేసు మొదలుకు తుపాకీ పేల్చిన క్షణం నుంచి లెక్కిస్తారు, ముందే చదువుకోండి.

అందరికంటే ఆఖర్న వస్తానేమో?

రావచ్చు. నేను వాలంటీర్‌గా ఫినిష్ గీత దగ్గర నిలబడిన ఏడాది, అన్నిటికంటే పెద్ద చప్పట్లు మోగింది మూడు గంటల ఇరవై నిమిషాలకు వచ్చిన ఒక టీచరమ్మకు. మెడల్ అందరికీ ఒకటే.

మధ్యలో ఎప్పుడు ఆగిపోవాలి?

ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, అయోమయం, ఒళ్లు జలదరించడం, నడక తూలడం, ఒక్క కాలిలో పెరుగుతూ పోయే పదునైన నొప్పి. ఇందులో ఏది వచ్చినా దగ్గర్లోని మెడికల్ టెంట్‌కో, వాలంటీర్ దగ్గరికో వెళ్లండి. పక్కన పరిగెత్తేవాళ్లు తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే మీ రేసు ఆపి వాళ్లను కూర్చోబెట్టండి. ఎవరైనా కుప్పకూలి స్పందించకపోతే, ఊపిరి మామూలుగా లేకపోతే సాయం కోసం కేకేసి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కండి. 108కి ఫోన్ చేయించండి. రన్నింగ్ గ్రూపులో ప్రతి ఒక్కరూ సీపీఆర్ ఒకసారి నేర్చుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

## రేసు అయ్యాక

రెండు రోజులైంది, మెట్లు దిగలేకపోతున్నాను. ఇది మామూలేనా?

మామూలే, రెండో రోజే ఎక్కువగా ఉంటుంది. నడవండి, బాగా తినండి, నిద్రపోండి. అయిదు రోజులైనా తగ్గకపోతే, ఒక్క కాలి పిక్క వాచి వేడిగా ఉంటే, మూత్రం కాఫీ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి.

మళ్లీ ఎప్పుడు పరిగెత్తాలి?

మొదటి వారం నడక, ఈత. రెండో వారం 4, 5 కిలోమీటర్ల మెల్లని పరుగులు రెండు మూడు. మూడో వారం నుంచి మామూలుగా.

ఇప్పుడు ఫుల్ మారథాన్ చేసేయవచ్చా? ఆఫీసులో అందరూ అదే అడుగుతున్నారు.

అడిగేవాళ్లు పరిగెత్తరు. ఏడాదిలో ఇంకో రెండు హాఫ్‌లు, గాయం లేకుండా చేయండి. ఫుల్‌కి ఆదివారాల్లో మూడు నాలుగు గంటల పరుగులు కావాలి, ఆ సమయం ఇంట్లోవాళ్ల నుంచి తీసుకునేది కాబట్టి ముందు వాళ్లతో మాట్లాడండి. అసలు ఫుల్ చేయకపోయినా లోటేమీ లేదు. మా గుంపులో 61 ఏళ్ల ఆయన ఏడాదికి రెండు హాఫ్‌లు మాత్రమే చేస్తారు. వచ్చే ఆగస్టుకీ పేరు ఇచ్చేశారు.